ఒకే గడ్డి మేసిన మందలో కొన్ని గొర్రెలే ఎందుకు పడిపోతాయి? నట్టల మందు ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న దేవరకొండ వైపు నుంచి ఒక తమ్ముడు అడిగారు. క్లుప్తంగా ఇదీ విషయం. వాళ్ళ మందలో ఎక్కువ భాగం నెల్లూరు జాతివి, వాటితో పాటు నాయన కాలం నుంచి వస్తున్న నల్ల గొర్రెలు కొన్ని. రెండు నెలలకోసారి అన్నిటికీ నట్టల మందు, అంటే కడుపులో పురుగులను చంపే మందు, పోస్తున్నారు. అయినా వానలు పడ్డాక దవడ కింద నీరు దిగి, చిక్కిపోయి, కొన్ని చచ్చిపోతున్నాయి. నల్లవి మాత్రం అదే గడ్డి మేసి నిలబడుతున్నాయి. మందు నకిలీదా? డోసు పెంచాలా? నెల్లూరువి అమ్మేసి అన్నీ నల్లవే కొనాలా?

సూటిగా జవాబు: మందు నకిలీది అయ్యే అవకాశం కన్నా, మీ మందలోని నట్టలే ఆ మందుకు లొంగకుండా తయారై ఉండే అవకాశం ఎక్కువ. డోసు రెట్టింపు చేయకండి. క్యాలెండర్ చూసి మంద మొత్తానికి ఒకేసారి పోయడం ఆపి, కంటి రెప్ప చూసి అవసరమైన గొర్రెకే పోయండి. నల్ల గొర్రెలను వదులుకోవద్దు, కానీ అన్నీ నల్లవి కొన్నంత మాత్రాన ఈ బాధ పోదు. మీ గడ్డి మీద, మీ ఎండలో, మందు లేకుండా నిలబడిన తల్లుల పిల్లలను ఎంచుకుని మందను మార్చుకోవాలి. అది కొన్నేళ్ల పని. కానీ ఇవాళే మొదలుపెట్టవచ్చు.

నేను పాత పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పశువైద్యుడిగా పనిచేసి రిటైర్ అయ్యాను. ఇప్పటికీ తెలిసినవాళ్ళు పిలిస్తే మందల దగ్గరికి వెళ్తుంటాను. ఈ ప్రశ్న ఏటా జులై, ఆగస్టు నెలల్లో ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దవడ కింద నీరు, రక్తం తగ్గి తెల్లబడ్డ కంటి రెప్పల లోపలి భాగం, పారుడు మాత్రం పెద్దగా లేకపోవడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే నేను ముందుగా అనుమానించేది హీమాంకస్ అనే నట్టను. గొర్రె నాలుగో కడుపులో ఉంటుంది. రెండు మూడు సెంటీమీటర్ల సన్నటి పురుగు. ఆడదానిలో రక్తం నిండిన ఎర్ర పేగు చుట్టూ తెల్లటి గుడ్ల గొట్టం పేనుకుని కనిపిస్తుంది. చచ్చిన గొర్రెను కోసినప్పుడు నాలుగో కడుపు తెరిచి చూడండి, కంటికే కనబడుతుంది. ఒక్కో పురుగు రోజుకు దాదాపు 0.05 మిల్లీలీటర్ల రక్తం తీస్తుంది. వినడానికి ఏమీ లేనట్టుంది కదా. 2,000 పురుగులుంటే రోజుకు 100 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తమే రెండు లీటర్ల చుట్టుపక్కల. రక్తంతో పాటు ప్రోటీన్ కూడా పోతుంది కాబట్టి నీరు కిందికి దిగి దవడ దగ్గర చేరుతుంది.

ఇక గుడ్లు. ఒక ఆడ పురుగు రోజుకు 5,000 పైనే పెడుతుంది. ఒక గొర్రెలో 500 ఆడ పురుగులుంటే రోజుకు 25 లక్షల గుడ్లు పెంటికలతో పాటు నేల మీద పడతాయి. వానాకాలం తేమలో వారం లోపే అవి గొర్రెకు అంటుకునే పిల్లపురుగులవుతాయి. గొర్రె కడుపులోకి వెళ్ళిన మూడు వారాలకు మళ్ళీ గుడ్లు. అంటే నెలకొక తరం. జూన్ చివరి నుంచి నవంబర్ దాకా ఐదు తరాలు గడిచిపోతాయి. మీ గొర్రె ఒక తరం మారాలంటే ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా ఇందులోనే ఉంది.

మందుకు నట్టలు అలవాటు పడటం అంటే ఏమిటి?

ఏ పురుగూ మందు తాగి తాగి తట్టుకోవడం నేర్చుకోదు. కోట్ల పురుగుల్లో పుట్టుకతోనే చిన్న తేడా ఉన్నవి కొన్ని ఉంటాయి. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ లాంటి మందులు పురుగు కణాల్లో ఉండే బీటా ట్యూబులిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని పనిచేస్తాయి. ఆ ప్రోటీన్‌లో 200వ స్థానంలో ఫినైల్ అలనిన్ బదులు టైరోసిన్ వస్తే మందుకు పట్టు దొరకదు. మార్పు అంత చిన్నది. మీరు మంద మొత్తానికి మందు పోసిన రోజు మామూలు పురుగులన్నీ చస్తాయి, ఈ తేడా ఉన్నవి మిగులుతాయి. తర్వాతి మూడు వారాలు నేల మీద పడే గుడ్లన్నీ వాటివే. రెండు నెలలకు మళ్ళీ అదే మందు. ఇలా కొన్నేళ్లు చేస్తే గడ్డి మీద మిగిలేది మొండి రకమే.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న సమస్య కాదు. ఈ మందుల కుటుంబంలో మొదటిదైన థయాబెండజోల్ 1961లో వచ్చింది. 1964కే అమెరికాలో దానికి లొంగని హీమాంకస్ బయటపడింది. ఐవర్‌మెక్టిన్ 1981లో పశువుల మందుగా మార్కెట్లోకి వచ్చింది. దాన్ని అందించిన పరిశోధనకు విలియం క్యాంప్‌బెల్, సతోషి ఓమురాలకు 2015లో నోబెల్ ఇచ్చారు. అంత గొప్ప మందుకూ పదేళ్లు తిరగకముందే దక్షిణాఫ్రికా గొర్రెల్లో నట్టలు లొంగకుండా పోయాయి. కొత్త మందు వస్తుందిలే అని కూర్చుంటే కుదరదు.

డోసు రెట్టింపు ఎందుకు వద్దంటే, పట్టు దొరకని చోట రెండింతలు పోసినా పెద్దగా లాభం ఉండదు. గొర్రెకు మాత్రం నష్టం. ఆల్బెండజోల్ సూడి మొదటి నెలలో పోస్తే కడుపులో పిల్లకు అవకరాలు వస్తాయి. క్లోసాంటెల్ ఎక్కువైతే గొర్రెకు చూపు పోతుంది. లెవామిసోల్ ఎక్కువైతే చొంగ కారుతూ వణికిపోతుంది. అలాగే తక్కువ డోసు ఇంకో ప్రమాదం. కళ్ళతో చూసి ఇరవై కిలోలు ఉంటుందిలే అని పోస్తే, అసలు ముప్పై ఉన్న గొర్రెలో కాస్తో కూస్తో మొండితనం ఉన్న పురుగులు కూడా బతికిపోతాయి. కాంటా మీద తూచి పోయండి. కొందరు పెద్దలు ఇప్పటికీ మైలుతుత్తం నీళ్లు పోస్తారు. మందులు లేని కాలంలో దానికి అర్థం ఉంది కానీ, అందులో ఉండేది రాగి, గొర్రెకు రాగి చాలా తొందరగా విషమవుతుంది. ఆ జోలికి పోకండి.

మరి నల్ల గొర్రెలు ఎందుకు నిలబడ్డాయి?

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. చాలామంది రెండు వేరు వేరు విషయాలను కలిపేస్తున్నారు.

నల్ల గొర్రె, అంటే దక్కని జాతి, ఈ నేల కోసం తయారైన గొర్రె. పాలమూరులో ఏడాది వాన 600 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది, అది కూడా నాలుగు నెలల్లో. ఏప్రిల్, మేలో 42 డిగ్రీలు దాటుతుంది. గొల్ల కురుమలు ఈ గొర్రెను తోలుకుని తరతరాలుగా నల్లమల అంచులకు, కృష్ణ ఒడ్డుకు, కోతలైన పొలాలకు తిరిగారు. నడవలేనిది దారిలోనే ఆగిపోయింది. నీళ్లు లేక పడిపోయింది మందకు పిల్లలను ఇవ్వలేదు. నిలబడ్డవాటి సంతానమే మనకు దక్కింది.

ఎండలో దాని ఒళ్ళు ఏం చేస్తుందో గమనించారా? ముక్కుతో వేగంగా ఎగపోస్తుంది. మామూలుగా నిమిషానికి 20, 30 ఉండే శ్వాస ఎండలో వంద దాటుతుంది. ముక్కు లోపలి తడి ఆవిరై అక్కడి రక్తం చల్లబడుతుంది. ఆ చల్లటి రక్తం మెదడు కింద ఉన్న సన్నటి నాళాల వల దగ్గరికి చేరి, మెదడుకు వెళ్ళే వేడి రక్తాన్ని చల్లారుస్తుంది. ఒంట్లో వేడి కొంత పెరిగినా మెదడు వేడెక్కదు. మూత్రం చిక్కబడుతుంది, పెంటికలు గట్టిపడతాయి. అంటే ఒక్క చుక్క నీరు వృథా కాదు. ఉన్ని బరువు అనుకుంటాం గానీ, ఎండ దెబ్బ తగిలేది ఉన్ని పై కొసలకు. వాటికీ చర్మానికీ మధ్య గాలి పొర ఉంటుంది. మిట్టమధ్యాహ్నం నీడ లేని చెలకలో గొర్రెలు తలలు ఒకదాని పొట్ట కింద ఒకటి పెట్టుకుని గుంపుగా నిలబడటం మీరు రోజూ చూస్తారు. అది కూడా ఎండ తప్పించుకునే నేర్పే.

నెల్లూరు గొర్రె తక్కువదని నేను అనను. ఉన్ని లేని, పొడుగు కాళ్ల, మాంసానికి మంచి జాతి. పల్ల, జోడిపి, డోరా అని మూడు రకాలూ వేడిని బాగానే ఓర్చుకుంటాయి. కానీ కొత్త చోటికి వచ్చిన ఏ గొర్రెకైనా మొదటి ఏడాది కష్టమే. 2017లో మొదలైన పంపిణీ పథకంలో 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున ఇచ్చినప్పుడు పక్క రాష్ట్రాల నుంచి చాలా మందలు మన జిల్లాలకు వచ్చాయి. లారీ ప్రయాణం, కొత్త గడ్డి, కొత్త నీళ్లు. ఇలాంటి టెన్షన్‌లో గొర్రె ఒంట్లో కార్టిసోల్ అనే హార్మోన్ పెరుగుతుంది, రోగనిరోధక శక్తి పడిపోతుంది. అప్పటిదాకా అదుపులో ఉన్న నట్టలు పైచేయి సాధిస్తాయి. మీ నల్ల గొర్రెలు మీ నాయన కాలం నుంచి అక్కడే పుట్టి, అక్కడే జల్లెడ పట్టబడి మిగిలినవి. మీరు పోలుస్తున్నది జాతికీ జాతికీ మధ్య తేడా ఒక్కటే కాదు, స్థిరపడ్డ గొర్రెకూ కొత్తగా వచ్చిన గొర్రెకూ మధ్య తేడా కూడా.

ఇంకో మాట. ఎండకు తట్టుకోవడం వేరు, నట్టలకు తట్టుకోవడం వేరు. పొడి నేల మీద నట్టల పిల్లపురుగులు ఎక్కువ రోజులు బతకవు. కాబట్టి దక్కని గొర్రెను తరతరాలుగా జల్లెడ పట్టింది ప్రధానంగా కరువు, నడక, ఎండ. నట్టలు అంత కాదు. నట్టలకు నిజంగా ఎదురు నిలిచే గొర్రె కావాలంటే ఏటా బురదలో, తేమలో మేసిన జాతిని చూడాలి. బెంగాల్ సుందరబన్‌లో గారోల్ అనే చిన్న గొర్రె ఉంది. మహారాష్ట్ర ఫల్టన్‌లో దాన్ని దక్కనితో సంకరం చేసి చూసినప్పుడు, గారోల్ రక్తం ఉన్న పిల్లల్లో హీమాంకస్ గుడ్లు తక్కువగా వచ్చాయి. కెన్యాలో రెడ్ మసాయి గొర్రెకూ ఇదే పేరు. ఆ గొర్రెల్లో పిల్లపురుగులు కడుపు గోడకు అంటుకోగానే జిగురు, ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు, ప్రతిరక్షకాలు ఒక్కసారిగా పనిచేసి వాటిని బయటికి తోసేస్తాయి.

మరో రకం గొర్రె ఉంది. దాని కడుపులో పురుగులు ఉంటాయి, అయినా కండ తగ్గదు, పాలు తగ్గవు. దీన్ని ఓర్పు అనాలి, నిరోధం అనకూడదు. నేను చూసినంతలో మన నల్ల గొర్రెల్లో ఈ ఓర్పు ఎక్కువ. యజమానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ ఓర్చుకునే గొర్రె గుడ్లు పెంటికల్లో వదులుతూనే ఉంటుంది, పక్కన ఉన్న బలహీనమైన గొర్రె వాటిని మేస్తూనే ఉంటుంది.

ఇది ఎందుకు ఇంత నొక్కి చెప్తున్నానంటే, మన నేల మారిపోయింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు వచ్చాయి, అటు మాధవరెడ్డి కాలువ. ఒకప్పుడు జొన్న, ఆముదం, పల్లి వేసిన చెలకల పక్కన ఇప్పుడు వరి. రైతుకు అది వరం, నేను సంతోషిస్తాను. గొర్రెకు మాత్రం ఏడాదిలో ఎనిమిది, తొమ్మిది నెలలు తడి గడ్డి దొరుకుతుంది, అంటే నట్టలకూ ఎనిమిది, తొమ్మిది నెలల వానాకాలం. వరి కోతల తర్వాత సాగర్ ఆయకట్టుకు మందలు తోలుకెళ్లి, తిరిగి వచ్చాక నల్ల గొర్రెలు కూడా దవడ వాపుతో పడిపోవడం నేను మిర్యాలగూడ వైపు చాలాసార్లు చూశాను. వాటిలో కొన్నిటికి హీమాంకస్ కాదు, కార్జపు జలగ. అది కాలువ గట్ల దగ్గర, కుంట అంచుల్లో నత్తల ద్వారా వస్తుంది. దానికి మందు వేరు. కళ్ళు తెల్లబడటం రెండిటిలోనూ ఉంటుంది కాబట్టి, పెంటికల పరీక్ష చేయించేటప్పుడు జలగ గుడ్లు కూడా చూడమని అడగండి.

నట్ట కూడా మన వాతావరణానికి తగ్గట్టు మారింది. మే నెలలో నేల మీద పడ్డ గుడ్డు కాలి చచ్చిపోతుంది. కాబట్టి వాతావరణం అనుకూలించని కాలంలో కడుపులోకి వెళ్ళిన పిల్లపురుగులు కొన్ని ఎదగడం ఆపేసి కడుపు గోడలో నిద్రపోతాయి. బయట కాలం మారే సమయానికి లేస్తాయి. ఈనే సమయంలో గొర్రె నిరోధక శక్తి తగ్గుతుంది. పాలు, పిల్ల, రోగనిరోధక శక్తి మూడింటికీ ప్రోటీన్ కావాలి, ఉన్న ప్రోటీన్ పిల్లకే పోతుంది. అప్పుడు తల్లి నుంచి గుడ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. సరిగ్గా అదే గడ్డి మీద నట్టలంటే ఏమిటో తెలియని లేత పిల్ల మొదటిసారి నోరు పెడుతుంది.

ఇది తెలిస్తే ఒక చిక్కు కూడా అర్థమవుతుంది. మే చివర అన్ని గొర్రెలకూ మందు పోసేస్తే వానలకు ముందే శుభ్రమవుతుందని అనిపిస్తుంది. కానీ ఆ సమయంలో నేల మీద పురుగులు దాదాపు లేవు, ఉన్నవన్నీ గొర్రెల కడుపుల్లోనే. అన్నిటికీ పోస్తే మామూలు రకం మొత్తం తుడిచిపెట్టుకుపోయి, తొలకరి గడ్డికి విత్తనమయ్యేది మొండి రకం ఒక్కటే. అందుకే కళ్ళు ఎర్రగా, ఒళ్ళు బాగా ఉన్న పెద్ద గొర్రెలను కొన్నిటిని వదిలేయమంటాను. వాటి నుంచి పడే మామూలు పురుగులు మొండివాటితో కలిసి, చిక్కటి చింతపులుసులో నీళ్లు పోసినట్టు వాటి ఘాటు తగ్గిస్తాయి. నట్టలను కావాలని మిగల్చడం ఏమిటని చాలామంది నా మీద కోప్పడ్డారు. కానీ ఒక మందలో పురుగులు అన్ని గొర్రెల్లో సమంగా ఉండవు. ఐదో వంతు నుంచి మూడో వంతు గొర్రెలే దాదాపు మొత్తం భారం మోస్తాయి. మందు అవసరం వాటికే.

కంటి రెప్ప చూడటం ఎలా? పగటి వెలుతురులో, పై రెప్పను బొటనవేలితో కాస్త నొక్కి, కింది రెప్పను లాగి లోపలి రంగు చూడండి. దక్షిణాఫ్రికాలో దీని కోసం ఫమాచా అనే రంగుల కార్డు తయారు చేశారు. ముదురు ఎరుపు 1, కాగితంలా తెలుపు 5. ఒకటి, రెండు అయితే మందు వద్దు. నాలుగు, ఐదు అయితే వెంటనే. మూడు అయితే పిల్లలకు, పాలిచ్చే తల్లులకు, చిక్కినవాటికి పోయండి, మిగతావాటిని కనిపెట్టుకుని ఉండండి. కార్డు దొరికితే మంచిది, మీ దగ్గరి డాక్టరును అడిగి ఒకసారి నేర్చుకోండి. జులై నుంచి నవంబర్ దాకా రెండు వారాలకోసారి చూడాలి. మంద మొత్తం చూడటానికి ఒక ఉదయం చాలు. మందు పోసిన గొర్రె చెవికో కొమ్ముకో రంగు గుర్తు పెట్టండి. ఒకే సీజన్‌లో మూడు గుర్తులు పడిన గొర్రె మీ మందలో ఉండదగినది కాదు. అది బతికినా దాని పిల్లను పెంపకానికి ఉంచకండి, మాంసానికి అమ్మండి.

మందు పనిచేస్తోందో లేదో ఊహతో తేల్చకండి. పది గొర్రెల పెంటికలు నేరుగా మలద్వారం నుంచి తీసి, విడివిడిగా కవర్లలో వేసి, ఐస్ డబ్బాలో పెట్టి జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కు ఇవ్వండి. మందు పోయండి. రెండు వారాలకు అవే పది గొర్రెలవి మళ్ళీ ఇవ్వండి. గుడ్లు 95 శాతం తగ్గకపోతే ఆ మందు మీ మందలో పనిచేయడం మానేస్తోందన్నమాట. ఆల్బెండజోల్ పోయి ఫెన్‌బెండజోల్ కొంటే మార్చినట్టు కాదు, రెండూ ఒకే కుటుంబం. ఏ కుటుంబం మందుకు మారాలో లెక్క చూసి డాక్టర్ చెప్పాలి. శిబిరంలో మందు పోసిన రోజు దాని పేరు, తేదీ రాసి పెట్టుకోండి, మూడు వారాలు తిరగకుండానే షాపు మందు మళ్ళీ పోయకండి.

మేపులో ఒక విషయం. ఎండాకాలంలో తెల్లవారుజామున, రాత్రి మేపడం గొర్రెకు హాయి, నట్టల భయం కూడా తక్కువ. అదే అలవాటు వానాకాలంలోనూ కొనసాగిస్తే ముప్పు. పిల్లపురుగు గడ్డి మీద ఉన్న తేమ పొరను పట్టుకునే పైకి పాకుతుంది. తెల్లవారుజాము మంచులో గడ్డి కొసల దగ్గర అది మేతలో కలిసిపోతుంది. వానల్లో మంచు ఆరాకే మందను వదలండి. పొట్టి గడ్డిని గీకించకండి, పిల్లపురుగులు ఎక్కువగా నేలకు దగ్గరగానే ఉంటాయి. తుమ్మ, జమ్మి లాంటి చెట్ల మేత దొరికిన చోట పెట్టండి. ఎత్తులో పురుగు ఉండదు, తుమ్మలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం నట్టలకు కొంత ఇబ్బంది కూడా. ఈనబోయే గొర్రెలకు చివరి నెల, ఈనిన తర్వాత కొన్ని వారాలు పల్లి చెక్క కొద్దిగా పెట్టండి. నా అనుభవంలో చాలా మందల్లో ఒక మందు డబ్బా ఖర్చు కన్నా ఈ చెక్క ఖర్చే ఎక్కువ పిల్లలను కాపాడింది.

మేకలు కూడా కలిసి ఉంటే వాటిని వేరుగా ఆలోచించాలి. మేక పొదలు మేసే జంతువు, నేల గడ్డి నట్టలతో దానికి పాత పరిచయం తక్కువ, నిరోధమూ తక్కువే. పైగా దాని ఒళ్ళు మందును తొందరగా ఖర్చు చేసేస్తుంది, గొర్రె డోసు దానికి చాలదు. డాక్టర్‌ను అడిగి పోయండి.

ఇంకొకటి, సందర్భం వచ్చింది కాబట్టి. వాన మొహం చాటేసి వాడిపోయిన లేత జొన్న మేసి గొర్రెలు అప్పటికప్పుడు పడిపోతే అది నట్టల పని కాదు. నీళ్లు లేక కష్టంలో ఉన్న జొన్న తనను మేసేవాళ్ళ నుంచి కాపాడుకోవడానికి సైనైడ్ ఇచ్చే పదార్థాన్ని ఆకుల్లో పెంచుకుంటుంది. అలాంటి చేలోకి మందను పోనీయకండి, పడిపోతే వెంటనే డాక్టర్‌ను పిలవండి, నిమిషాలు లెక్క.

ఇక అసలైన పని, పొట్టేలు. మందలో సగం రక్తం దానిదే. నట్టలకు నిరోధం కొంత మేరకు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. పాల దిగుబడి లాంటి గుణాలు ఎంత వస్తాయో ఇదీ దాదాపు అంతే, అంటే ఎంపికతో మార్చగలిగినది. కల్వకుర్తి దగ్గర ఒక కురుమ పెద్దమనిషి సంతలో బరువు చూసి పొట్టేలు కొనేవాడు కాదు. మేలో మంద వెనకబడకుండా నడిచిన తల్లి, వానాకాలంలో కన్ను తెల్లబడని తల్లి, ఆ రెండూ ఉన్న దాని కొడుకునే ఉంచేవాడు. పక్క మందల కన్నా ఆయన పిల్లలు నెల రోజులు ఆలస్యంగా బరువు వచ్చేవి. కానీ చచ్చేవి తక్కువ, మందుల ఖర్చు తక్కువ. కొన్నేళ్లకు ఆయన మంద దగ్గరికి పొట్టేళ్ల కోసం చుట్టుపక్కల ఊళ్ల వాళ్ళు రావడం మొదలైంది. ఉన్నికి, గొంగడికి గిరాకీ తగ్గాక చాలామంది నల్ల మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లను దించి స్వచ్ఛమైన నల్లవాటిని పోగొట్టుకున్నారు. మీ దగ్గర మిగిలినవి ఉన్నాయి కాబట్టి, వాటిలో మంచి ఆడవాటిని అమ్మకండి. నెల్లూరువాటిలో కూడా రెండు వానాకాలాలు కంటి ఎరుపు పోకుండా నిలబడినవి ఉంటే అవి కూడా మీ నేలకు పనికొచ్చేవే. రెండిటి నుంచీ ఎంచుకోండి. బయటి నుంచి పొట్టేలు తెస్తే మూడు వారాలు వేరుగా ఉంచి, పెంటికల పరీక్ష చేయించి, అప్పుడే కలపండి. ఇంకొకరి మొండి నట్టలు మీ మందలోకి రాకూడదు.

ఒక హెచ్చరిక. నట్టలకు నిలబడిన గొర్రె నీలి నాలుకకు, చిటుక రోగానికి, పారుడు రోగానికి నిలబడుతుందని అనుకోవద్దు. అవి వైరస్‌లు, బాక్టీరియా, వాటి సంగతి వేరు. టీకాలు సమయానికి వేయించాల్సిందే. వానల చివర దోమల్లాంటి చిన్న ఈగలు పెరిగి, మూతి వాచి జ్వరం వస్తే అది నట్టల వాపు కాదు, నీలి నాలుక కావచ్చు.

ప్రస్తుతానికి దవడ వాచిన గొర్రెలను మంద నుంచి విడదీయండి. నడిపించకండి, రక్తం లేని గొర్రె పరుగెడితే అక్కడే కూలుతుంది. నీడలో పెట్టి, మేత అక్కడికే వేసి, డాక్టర్‌తో వేరే కుటుంబం మందు, బలానికి ఇంజెక్షన్లు వేయించండి. మందు పోసేముందు పెంటికలు తీసి పెట్టండి. ల్యాబ్ నుంచి మొదటి లెక్క, రెండు వారాల తర్వాతి లెక్క రెండూ వచ్చాక, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లతో కలిపి ఇక్కడే రాయండి తమ్ముడూ. ఆ అంకెలు చూస్తే మీ మందలో ఇంకా ఏ మందుకు పదును మిగిలి ఉందో చెప్పగలను.